కొత్త స్టాఫ్ నర్సుగా ఆరు నెలలు: ఈ పని భారాన్ని మీరు ఎలా తట్టుకున్నారు?

లంకమ్మాయి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారమండి. నేను జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తి చేసి, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికి రాగానే గోదావరికి పడమటి వైపున్న ఒక పట్టణంలో ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. ఈ నెలతో ఆరు నెలలు నిండుతాయి. మాది సఖినేటిపల్లి వైపు లంక. ఆఫ్ దొరికితే నరసాపురం రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి ఇంటికి వెళ్తాను, లేనప్పుడు ఆసుపత్రి వెనక ఉన్న హాస్టల్లోనే ఉంటాను.

మా వార్డులో 28 పడకలున్నాయి. పొద్దున్న 8 నుంచి 2 వరకు ఇద్దరం, 2 నుంచి రాత్రి 8 వరకు ఇద్దరం, రాత్రి 8 నుంచి పొద్దున్న 8 వరకు ఒక్కరం, తోడుగా ఒక ఆయమ్మ. మొత్తం ఐదుగురమే కాబట్టి ఎవరికి జ్వరం వచ్చినా ఇంకొకరికి డబుల్ డ్యూటీ పడుతుంది. చదువుకునే రోజుల్లో ఒక్క రోగికి నర్సింగ్ కేర్ ప్లాన్ రాయడానికి రెండు గంటలు కూర్చునేదాన్ని, ఇప్పుడు రెండు గంటల్లో 28 మందికి మందులు, బీపీలు, సెలైన్లు, కేస్ షీట్లు అన్నీ అయిపోవాలి.

గత వారం నైట్ డ్యూటీలో జరిగినది చెబుతాను. ఒక పెద్దాయనకు రాత్రి భోజనానికి ముందు 20 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వాలి. వార్డులో ఇన్సులిన్ సిరంజిలు అయిపోవడంతో వాళ్ళబ్బాయి ఎదురుగా ఉన్న మందుల షాపుకు వెళ్ళి ఒకటి తెచ్చాడు. అదే సమయంలో కిటికీ పక్క పడక దగ్గర సెలైన్ ఆగిపోయిందని ఒకరు, కొత్త అడ్మిషన్ స్ట్రెచర్ మీద వచ్చిందని ఇంకొకరు పిలుస్తూ ఉండగా నేను సీసాలోంచి 20 గీత దాకా లాగి ఇచ్చేశాను. పొద్దున్న చూస్తే షుగర్ 380 దాటింది. రౌండ్స్‌లో డాక్టరుగారు కారణం అడిగారు, సిరంజి చూసిన ఇన్‌చార్జి సిస్టర్ రోగుల ముందే, వాళ్ళ బంధువుల ముందే, "సిరంజి చూడడం కూడా రాకుండా మూడేళ్ళు ఏం చదివావు" అన్నారు. పెద్దాయనకు ఏమీ కాలేదు. ఆయనే నన్ను పిలిచి "పోనీలెండి సిస్టరమ్మా" అన్నారు కూడా.

ఆ రోజు నుంచి ప్రతి మందునూ మూడేసి సార్లు చూస్తున్నాను. దానివల్ల పని ఇంకా వెనకబడుతోంది, వెనకబడినందుకు మళ్ళీ మాట పడుతున్నాను. ఇంటికి వెళ్తూ పంటు మీద నిలబడి కూడా ఏ పడకకు ఏం మర్చిపోయానో లెక్కపెట్టుకుంటున్నాను. ఆ సిరంజిలో తేడా ఏమిటో ఇప్పటిదాకా నన్ను కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు. నేను ఈ పనికి పనికిరాననిపిస్తోంది. పెద్దలు మీరెవరైనా ఈ దశ దాటి ఉంటే ఎలా దాటారో చెప్పండి.


పాత వార్డు (విశ్రాంత హెడ్ నర్సు, రాజమండ్రి)

అమ్మాయీ, ముందు ఆ సిరంజి సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అది అర్థమయ్యేదాకా నీకు నిద్ర పట్టదు. మన దగ్గర ఎక్కువగా వాడే ఇన్సులిన్ సీసాలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి, దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల రకానికి నారింజ రంగు మూత సిరంజి. షాపువాడు ఇచ్చింది నారింజ మూతది అయి ఉంటుంది. అందులో 20 గీత అంటే 0.2 మిల్లీలీటరు. 40 యూనిట్ల సీసాలోంచి అంత తీస్తే వచ్చేది 8 యూనిట్లే. 20 వెళ్ళాల్సిన చోట 8 వెళ్ళాయి కాబట్టి షుగర్ పెరిగింది. ఇది తిరగబడి, 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగి ఉంటే 50 యూనిట్లు వెళ్ళేవి, తెల్లవారేసరికి ఆ పెద్దాయన తెలివితో ఉండేవారు కాదు. అందుకే ఇన్సులిన్ ఇచ్చేటప్పుడు గీత కంటే ముందు మూత రంగు చూడాలి, సీసా మీద అంకె చూడాలి, ఆ రెండూ కలిశాకే సూది లోపలికి వెళ్ళాలి. మందులన్నిటినీ మూడేసి సార్లు చూడనక్కరలేదు. ఇన్సులిన్, పొటాషియం, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వంటి నాలుగైదింటిని రెండోసారి చూడు, వీలైతే ఇంకొకరి చేత చూపించు, మిగతావాటికి ఒక్కసారి శ్రద్ధగా చూస్తే చాలు.

ఇక తప్పెవరిది అంటే, నీ వాటా నీకుంది. కాని వార్డులో సిరంజిలు నిండుకున్నా ఇండెంట్ (స్టోరుకు సరుకు కోరుతూ రాసే చీటీ) పెట్టనివారి వాటా, రాత్రి 28 మందిని ఒక్కదాని చేతిలో పెట్టినవారి వాటా కూడా ఉన్నాయి. ఇన్సిడెంట్ రిపోర్టు రాశావా? రాయకపోతే ఇప్పుడైనా రాయి. తేదీ, సమయం, ఏ సిరంజి, ఎన్ని యూనిట్లు, ఎవరికి ఎప్పుడు తెలియజేశావు, అంతే. "పొరపాటున", "క్షమించండి" వంటి మాటలు అందులో వద్దు, సిరంజిలు లేవన్న మాట మాత్రం తప్పకుండా ఉండాలి.

అరిచిన ఇన్‌చార్జి గురించి ఒక మాట. నేనూ అలా అరిచినదాన్నే. గాజు సిరంజిలు స్టెరిలైజర్‌లో మరిగించి వాడిన కాలం నాది. ఒక కొత్తమ్మాయి ట్రే జార్చి ఆరు సిరంజిలు పగలగొట్టినప్పుడు రోగులందరి ముందూ దులిపేశాను. సూపరింటెండెంటుకు లెక్క చెప్పుకోవాల్సింది నేను కదా అన్న భయం అలా బయటికి వచ్చింది. ఆ పిల్ల ఆ తర్వాత ఏది పగిలినా, ఏది తప్పినా నాకు చెప్పడం మానేసింది. నా వార్డుకు అసలు నష్టం ఆ ఆరు సిరంజిల వల్ల జరగలేదు. మీ ఇన్‌చార్జితో రౌండ్స్ వేళ కాకుండా, మధ్యాహ్నం ఓవర్ ఇచ్చాక (తర్వాతి షిఫ్టువారికి రోగుల్ని అప్పగించాక) రెండుంబావుకు ఒంటరిగా పది నిమిషాలు అడుగు.


గౌతమి (ఐసీయూ నర్సు, కాకినాడ)

అక్కగారు సిరంజి గురించి చెప్పారు కాబట్టి నేను "ఏ పడకకు ఏం మర్చిపోయానో" అన్న వాక్యం దగ్గర ఆగుతాను. చెల్లీ, మీరు 28 మందిని తలలో మోస్తున్నారు. తొమ్మిదేళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్నది ఒక్కటే, తలలో ఏదీ ఉంచుకోకూడదని.

నా జేబులో ఎప్పుడూ ఒక తెల్ల కాగితం ఉంటుంది. అడ్డంగా పడక నెంబర్లు, నిలువుగా 8, 10, 12, 2, 4, 6 అని గంటలు. ఓవర్ తీసుకుంటూనే ఏ గంటకు ఏ పడకకు ఏం చేయాలో ఆ గడిలో ఒక్క అక్షరం రాస్తాను. మందుకు "మ", బీపీకి "బీ", సెలైన్ మార్చాలంటే "సె", మూత్రం కొలవాలంటే "మూ". పని అయిపోతే దాని మీద గీత కొడతాను. ఎవరైనా మధ్యలో పిలిస్తే, చేస్తున్న పని ఏ గడిలో ఆగిందో అక్కడ చుక్క పెట్టి వెళ్తాను, తిరిగి వచ్చాక చుక్క దగ్గర నుంచి మొదలుపెడతాను. మందు లాగుతుండగా మాత్రం పిలిచినా వెళ్ళను. "ఒక్క నిమిషం ఆగండి, మందు తీస్తున్నాను" అని గట్టిగానే అంటాను. మొదట్లో రోగి బంధువులకు కోపం వచ్చేది, తర్వాత వాళ్ళే పక్కవాళ్ళకు సర్దిచెప్పేవారు. ఒక కొత్త అడ్మిషన్ స్ట్రెచర్ మీద మూడు నిమిషాలు ఆగగలదో లేదో ముఖం చూస్తే మీకే తెలుస్తుంది. ఊపిరి ఆడుతోందా, రక్తం కారుతోందా, పిలిస్తే పలుకుతున్నారా అన్న మూడూ దూరం నుంచే చూడవచ్చు. ఆగలేనివారైతే మందు పక్కన పెట్టి పరుగెత్తాల్సిందే, అప్పుడు ఆ సిరంజిని పారేసి తిరిగి వచ్చాక కొత్తది తీయాలి.

ఆ కాగితం వెనక సెలైన్ చుక్కల లెక్క రాసుకున్నాను. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టుతో 500 మిల్లీలీటర్లు 8 గంటల్లో వెళ్ళాలంటే నిమిషానికి 21, 6 గంటలకైతే 28, 4 గంటలకైతే 42. ఇది పరీక్షల్లో సూత్రం రాసి చేసిన లెక్కే, అయితే తెల్లవారుజామున మూడున్నరకు భాగాహారం ఎవరికీ రాదు.

ఓవర్ ఇచ్చాక ఆ కాగితాన్ని చింపి వార్డులోనే పారేయండి, దానిమీద రోగుల వివరాలుంటాయి.


దాళ్వా (ఎమర్జెన్సీ స్టాఫ్ నర్సు, భీమవరం వైపు)

నేను కొంచెం వేరుగా చెబుతాను, ఎవరూ ఏమీ అనుకోకండి. మొదటి ఏడాది అందరికీ ఇలాగే ఉంటుంది. ఓర్చుకుంటే చేయి తిరుగుతుంది, చేయి తిరిగితే భయం పోతుంది. నాకు ఆ సంగతి ఒక సార్వా కోతల కాలంలో తెలిసింది.

చేలో రక్తపింజరి కరిచిన ఒక కూలీని రాత్రి తొమ్మిదింటికి తెచ్చారు. డ్యూటీ డాక్టరు 20 నిమిషాల పరీక్ష పెట్టమన్నారు. ఆరిన శుభ్రమైన గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూడాలి. గడ్డ కట్టకుండా జారిందంటే విషం ఎక్కినట్టు. ఆ గొట్టం నిలబెట్టిన చోటు నుంచి నేను కదలలేదు, ఎవరైనా తగిలితే మళ్ళీ మొదటికి వస్తుందని. వంచితే నీళ్ళలా జారింది. పది వయల్స్ విరుగుడు మందు కలపడం మొదలుపెట్టాను. ఆ పొడి తొందరపడి కుదిపితే నురగ వస్తుంది, మెల్లగా తిప్పుతూ కరిగించాలి, వెనక బంధువులు పదిమంది "ఇంకా ఎంతసేపండీ" అంటూనే ఉన్నారు. ఎక్కించడం మొదలయ్యాక దద్దుర్లు వస్తాయేమో, బీపీ పడిపోతుందేమో అని అడ్రినలిన్ లాగి పక్కన పెట్టుకుని కూర్చోవాలి. ఆ గంటలో మిగతా పడకల వైపు చూడలేకపోయాను. అక్కడ ఒకాయన బాటిల్ అయిపోయి సెలైన్ గొట్టంలోకి రక్తం వెనక్కి వచ్చింది, దానికి నాకు మెమో ఇచ్చారు. పాము కరిచినతను మాత్రం నాలుగో రోజు నడిచి వెళ్ళాడు. ఆ తర్వాత నాకు ఏ రాత్రీ అంత బరువనిపించలేదు.

అన్నట్టు, బంధువులు మీద చేయి చేసుకునేదాకా వస్తే ఓర్చుకోమని నేను చెప్పడం లేదు. ఆసుపత్రి సిబ్బందిపై దాడులకు మన రాష్ట్రంలో 2008 నుంచి ప్రత్యేక చట్టం ఉంది.


పాఠం చెప్పే అక్క (నర్సింగ్ ట్యూటర్, ఏలూరు)

దాళ్వా గారూ, మీ అనుభవాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. మీరే రాశారు, పాము కరిచినతని పక్కన కూర్చున్నందుకు మెమో వచ్చిందని. ఆ మెమో మీ చేయి తిరగకపోవడం వల్ల రాలేదు, అక్కడ రెండో నర్సు లేకపోవడం వల్ల వచ్చింది. ఓర్పుతో నైపుణ్యం పెరుగుతుంది గాని మనుషుల సంఖ్య పెరగదు.

లంకమ్మాయి గారి వార్డు లెక్క చూద్దాం. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి సాధారణ వార్డులో 3 పడకలకు ఒకరు, ఇతర ఆసుపత్రుల్లో 5 పడకలకు ఒకరు ఉండాలి, సెలవుల కోసం ఇంకో 30 శాతం అదనం. ఇది అన్ని షిఫ్టులకూ కలిపిన సంఖ్య. 28 పడకలకు 5 చొప్పున చూసినా ఆరుగురు, సెలవుల అదనంతో దాదాపు ఎనిమిది మంది కావాలి. అక్కడున్నది ఐదుగురు. మా విద్యార్థినులు ఫోన్ చేసి "నాకు చేతకావడం లేదు మేడమ్" అన్నప్పుడు నేను మొదట అడిగేది మీ వార్డులో పడకలెన్ని, మనుషులెంతమంది అని. పదిమందిలో ఏడెనిమిది మంది ఆ లెక్క విన్నాక కాస్త ఊపిరి తీసుకుంటారు. మిగిలిన ఇద్దరు ముగ్గురికి నిజంగానే ఏదో ఒక పని సరిగా రాదు, కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) పెట్టడమో, డోసు లెక్కో. అది నేర్పితే వస్తుంది. ఈ రెంటినీ కలిపేసుకుని తమను తాము తిట్టుకోవడమే నాకు బాధ.

జీతం సంగతి ఆమె రాయలేదు గాని, అదీ ఒత్తిడిలో భాగమే. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం మేరకు కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లో సైతం నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటినచోట రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. సిఫారసు వేరు, అమలు వేరు అన్నది మీ అందరికీ నాకంటే బాగా తెలుసు.


లంకమ్మాయి

మేడమ్, నాకు ఇస్తున్నది 12,000. హాస్టల్‌కు 2,500 పట్టుకుంటారు. మానేద్దామంటే చేరినప్పుడు రెండేళ్ళ బాండ్ రాయించుకున్నారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ళ దగ్గరే ఉన్నాయి.


పాఠం చెప్పే అక్క

సర్టిఫికెట్లు మీ ఆస్తి. వాటిని తిరిగి ఇమ్మని తేదీ వేసి రాతపూర్వకంగా అడగండి, ఆ కాగితం నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారిని కలవవచ్చు. బాండ్ కాగితాన్ని ఊళ్ళో తెలిసిన లాయరుకు చూపించకుండా దానికి భయపడవద్దు, అలాగని చెప్పాపెట్టకుండా వచ్చేయవద్దు. అనుభవ ధ్రువపత్రం మీకు రేపు అవసరమవుతుంది.


దాళ్వా

ట్యూటరు గారి మాట నిజమేనండి. ఓర్చుకోమన్నది నేను నాకు చెప్పుకున్న మాట, దాన్ని ఇంకొకరికి సలహాగా ఇవ్వడం తప్పే. ఆ మెమో ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.


కొబ్బరితోట (అంబాజీపేట)

నేను నర్సును కాదండి, నర్సు తండ్రిని. ఇక్కడ రాయవచ్చో లేదో తెలియదు. మా అమ్మాయి కూడా మొదటి ఏడాది ఇలాగే అయిపోయింది. నైట్ చేసి పొద్దున్న తొమ్మిదింటికి ఇంటికి వచ్చి పడుకునేది. పదింటికల్లా మా పెరట్లో కాయ ఒలుపు మొదలు, పక్కింటివారు వచ్చి "ఏంటండీ, అమ్మాయి పగలంతా పడుకుంటోంది, ఒంట్లో బాగోలేదా" అని అడగడం మొదలు, ధనుర్మాసంలో గుడి మైకు సరేసరి. మేమూ "ఒక్కసారి లేచి రెండు ముద్దలు తిని పడుకోవే" అని లేపేవాళ్ళం. ప్రేమ అనుకున్నాం గాని, ఆ పిల్ల నిద్రను మేమే ముక్కలు చేస్తున్నామని మాకు తట్టలేదు. ఒకరోజు బస్సులో కునికి తన ఊరు దాటి రావులపాలెంలో దిగాక గాని మాకు బుద్ధి రాలేదు. ఆ తర్వాత వెనక గదిలో కిటికీకి దుప్పటి కట్టాం, ఒలుపు మధ్యాహ్నానికి మార్చాం, ఎవరొచ్చినా రెండింటి దాకా తలుపు తట్టకూడదన్నాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా ఇది చెప్పమ్మా. మొహమాటపడితే ఈ పోస్టు చదివి వినిపించు.


మానసిక వార్డు (సైకియాట్రిక్ నర్సు, అమలాపురం)

చర్చంతా చదివాను. 1974లోనే మార్లీన్ క్రామర్ అనే అమెరికన్ నర్సింగ్ పరిశోధకురాలు ఈ దశకు ఒక పేరు పెట్టారు, రియాలిటీ షాక్ అని. చదువుకున్న నర్సింగ్‌కూ వార్డులో కనిపించే నర్సింగ్‌కూ మధ్య తేడా తెలిసినప్పుడు తగిలే దెబ్బ అది. కాబట్టి "నేను పనికిరాను" అన్న ఆలోచన మీ ఒక్కరికే పుట్టినది కాదు.

అయితే అలసట ఎక్కడ ఆగి జబ్బు ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలి. డ్యూటీకి ముందు కడుపులో తిప్పడం, డ్యూటీ అయ్యాక ఏడుపు రావడం, ఆఫ్ రోజున ఇంటికి వెళ్ళి అమ్మ చేతి అన్నం తిని పడుకుంటే తేలికపడడం అలసటే. ఆఫ్ రోజున కూడా ఏదీ రుచించకపోవడం, నిద్ర దొరికినా తెల్లవారుజామునే మెలకువ వచ్చేయడం, పట్టరాని అపరాధ భావన రెండు వారాలు విడవకుండా ఉండడం, చనిపోతే బాగుండుననిపించడం వేరు. చివరిదానికి రెండు వారాలు కూడా ఆగనక్కరలేదు, ఆ రోజే చెప్పాలి. 14416 అని టెలి మానస్ నెంబరు ఉంది, మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ అది. 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. రోగులకు ఈ నెంబరు రాసిచ్చే నర్సులం మన కోసం దానికి ఫోన్ చేసుకోవడానికి సిగ్గుపడతాం. నేను నా మొదటి ఏడాదిలో మందుల అలమారా తాళం చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయిన రాత్రి ఒకటుంది. ఆ రాత్రి గదిలోకి వచ్చి "సిస్టరమ్మా, టీ తాగుతారా" అన్నది మా ఆయమ్మ. మర్నాడు డాక్టరుగారికి చెప్పాను.

మీ వార్డు ఆయమ్మతో స్నేహంగా ఉండండి. నైట్‌లో మీ ముఖం చూసే మనిషి ఆవిడ ఒక్కరే.


లంకమ్మాయి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. పెద్దమ్మగారు చెప్పినట్టు రెండుంబావుకు ఇన్‌చార్జి సిస్టర్ దగ్గరకు వెళ్ళాను. మొదట ముఖం తిప్పుకున్నారు. 8 యూనిట్ల లెక్క కాగితం మీద వేసి చూపించేసరికి, ఆవిడ కాసేపు దాన్నే చూసి, "ఇది నాకూ ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు" అన్నారు. క్షమాపణ ఏమీ చెప్పలేదండి, చెబుతారని నేనూ అనుకోలేదు. మర్నాడు ఇన్సులిన్ డబ్బా మీద ఒక ఎర్ర మూతను టేపుతో అంటించి ఉంది. సిరంజిల ఇండెంట్ పుస్తకం నాకే అప్పగించారు, అంటే ఇంకో పని పెరిగిందన్నమాట. రాత్రికి రెండో నర్సు మాత్రం రాలేదు. సర్టిఫికెట్ల కోసం రాసిచ్చిన కాగితం నకలు మీద సంతకం పెట్టారు, "చూద్దాం" అన్నారు.

గౌతమి అక్కగారి కాగితం వాడుతున్నాను. మొన్నటి నైట్‌లో నాలుగింటికల్లా అన్ని గడులూ కొట్టేశాను, ఆయమ్మ తెచ్చిన టీ వేడిగా ఉండగానే తాగాను. ఆవిడది మా పక్క ఊరేనట, ఆరు నెలల్లో నేను ఎప్పుడూ అడగలేదు.

ఇవాళ ఆఫ్. పంటు మీద కూర్చునే ఇది రాస్తున్నాను. 17వ పడక కెథెటర్ మార్చాలన్న మాట ఓవర్‌లో చెప్పానో లేదో రేవులో గుర్తు రాలేదు. కాగితం వార్డులోనే చింపేశాను కదా. వార్డుకు ఫోన్ చేస్తే ఇన్‌చార్జి సిస్టరే ఎత్తి, "చెప్పావు, పెట్టెయ్" అన్నారు.